ముత్యము ఎట్లు పుట్టును? – బహ్రెయిన్ దీవి నుండి ఒక సంభాషణ పాఠము



ప్రతి సంవత్సరము ఈ సంచికయందు పండుగల విధానమును, వ్రతకథలను, మందిరముల చరిత్రను పెద్దలు వ్రాయుచున్నారు. నాకు ఒప్పగింపబడిన పాఠము కొంచెము వేరు విధమైనది. ఈ లోకము ఎట్లు కలిగెను, జ్ఞానమనగా నేమి, మరణించిన పిమ్మట ఏమగును, మతము చెప్పుదానికిని శాస్త్రజ్ఞులు చెప్పుదానికిని పొందిక యెట్లు అను పెద్ద ప్రశ్నలను మన ఇండ్లలోను, భజన మందిరములలోను ఏ రీతిగా మాటలాడుకొనవలెను అనునదే ఇందలి విషయము. ఉపన్యాసము వినుట మనకు అలవాటే. మాటలాడుకొనుట అంతగా అలవాటు లేదు.

దానికి కారణము కొంత మన చరిత్రలోనే కలదని నా అభిప్రాయము. మన ముత్తాతలు కోరంగి, విశాఖపట్టణము, మద్రాసు రేవులయందు ఓడలెక్కునప్పుడు గిర్మిట్ కాగితముపై వ్రేలిముద్ర వేసిరి. అందేమి వ్రాయబడియున్నదో పలువురకు చదువ రాదు. చదివినవాడు చెప్పినదే వారికి తెలిసినది. చెరకుతోటలో సర్దారు మాటకు ఎదురు ప్రశ్న వేయుట పొగరుగా ఎంచబడెను. మారిషస్‌లో ఒక్క దినము పనికి రానివానికి రెండు దినముల కూలి కోసివేయు పద్ధతి చిరకాలము నడచెను. అట్టి చోట నోరు మెదపకుండుటయే బ్రతుకుతెరువు. ఆ మౌనమును నేను నిందింపను. ఆ మౌనముతోనే వారు పిల్లలను పెంచిరి, కనుకనే మనము నేడు ఈ సంచికను చదువుచున్నాము. అయితే ఒప్పందముల కాలము ముగిసినను ఆ అలవాటు మాత్రము గడప దాటి ఇంటిలోనికి వచ్చి కూర్చుండెను. పదేండ్ల పిల్ల “ఈ దీపము ఎందుకు వెలిగింతుము?” అని అడిగినచో, “అట్లు అడుగరాదు, దండము పెట్టు” అందుము. ఆ పిల్ల దండము పెట్టును. మరల అడుగదు. పదునెనిమిదేండ్లు వచ్చునప్పటికి ఆ ప్రశ్ననే మరియొక చోట, మరియొక భాషలో, మనలను ఎరుగని వారిని అడుగును. వారు చెప్పినదే ఆమెకు సమాధానమగును.

ఉదాహరణమునకు నేను గల్ఫు సముద్రమునందలి బహ్రెయిన్ దీవిని ఎన్నుకొంటిని. మన దీవులను విడిచి అంత దూరము ఏల పోవలెనని అడుగుదురేమో. అచ్చట 1932లో చమురు దొరికెను. తరువాతి దశాబ్దములలో, ముఖ్యముగా 1970ల నుండి, కరీంనగరము, నిజామాబాదు, గోదావరి, కడప జిల్లాల తెలుగువారు ఒప్పంద పత్రములు చేతబట్టుకొని గల్ఫు దేశములకు పోవుచున్నారు. మనవారు చక్కెరకై పోయిరి, వీరు చమురుకై పోయిరి. కనుక ఆ దీవి మనకు పరాయిది కాదు. రెండవ కారణము, ముత్యము. మూడవ కారణము, ఇంచుమించు ఏడువందల యేబది యేండ్లకు పూర్వము ఆ దీవి పండితులు పెద్ద ప్రశ్నలను చర్చించిన విధానము. ఈ రెంటిని వరుసగా చెప్పెదను.

బహ్రెయిన్ అను అరబ్బీ మాటకు “రెండు సముద్రములు” అని అర్థము. ఒకటి చుట్టునున్న ఉప్పు సముద్రము. రెండవది నేల క్రింది మంచినీటి సముద్రమని పలువురు చెప్పు వ్యాఖ్య. వట్టి మాట కాదు. ఆ దీవి చుట్టును సముద్రపు అడుగుననే మంచినీటి ఊటలుండెడివి. ముత్యపు పడవలవారు తోలుతిత్తి పట్టుకొని ఉప్పునీట మునిగి, అడుగున ఊట యొద్ద దానిని నింపి, మూతి బిగించి పైకి వచ్చెడివారు. ఉప్పు నడుమ తీపిని దేవుడు దాచెనని భక్తుడు చెప్పును. భూశాస్త్రజ్ఞుడు చెప్పునది ఏమనగా, వేలయేండ్ల క్రితము అరేబియా మెట్టభూములపై కురిసిన వాన సున్నపురాతి పొరలలో ఇంకి, తూర్పునకు మెల్లగా జారి, బహ్రెయిన్ వద్ద రాతి పగుళ్లనుండి పైకి ఉబికినది. ఈ రెండు మాటలును ఒకదానినొకటి కొట్టుకొనవు. అయితే రెండవ మాట తెలియని కారణమున కలిగిన నష్టమును చూడుడు. 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున గొట్టపుబావులతో నీటిని అపరిమితముగా తోడిరి. ఊటలు చాలవరకు ఎండిపోయెను. అదారీ అను పేరుగల పెద్ద ఊట కూడ అట్లే ఆగెను. దగ్గరివారిని విడిచి దూరపువారిని తడుపువానిని “అదారీ వంటివాడు” అని ఆ దీవివారు సామెతగా చెప్పెడివారు. ఆ ఊటనీరు కాలువలవెంట దూరపు తోటలకే పోయెడిది. నేడు ఆ దేశపు త్రాగునీటిలో అధికభాగము సముద్రజలమును యంత్రములతో శుద్ధిచేసి పొందునదే. దేవుడిచ్చిన నీరు తరుగదనుకొనిన వానికి “ఎంత ఇచ్చెను?” అని అడుగుట తోచలేదు.

ఇక ముత్యము. శ్రీరామనవమినాడు సీతారాముల కళ్యాణము జరుపని తెలుగు సంఘము లోకమున లేదు. భద్రాచలమున ఆ కళ్యాణమునకు ముత్యాల తలంబ్రాలు ప్రభుత్వమువారు పంపు ఆచారము గోలకొండ నవాబు తానీషా నాటినుండి వచ్చుచున్నదని ప్రతీతి. హైదరాబాదు బజారులో మేలైన పాత ముత్యములను “బస్రా ముత్యములు” అందురు. బస్రా వర్తకపు పేరు మాత్రమే. ఆ ముత్యములు దొరకినది గల్ఫు సముద్రమున, అందును ముఖ్యముగా బహ్రెయిన్ చుట్టునున్న ఆల్చిప్పల దిబ్బలయందు. మనామా నగరమున ముత్యపు వర్తకముతో స్థిరపడిన సింధుదేశపు హిందువులు శ్రీకృష్ణుని మందిరమును నిలిపిరి. దానికి రెండువందల యేండ్లు దాటినవని చెప్పుదురు.

ముత్యము ఎట్లు పుట్టును? ఈ ప్రశ్నకు మన ఇండ్లలో ఒక సమాధానము కలదు, బడిలో ఒకటి కలదు. ఒక తాతయు మనుమరాలును మాటలాడుకొనుచున్నట్లు ఊహింపుడు. ఇది నేను పాఠము కొరకు అల్లినది.

మనుమరాలు: తాతా, స్వాతి కార్తెలో పడిన చినుకు ఆల్చిప్పలో ముత్యమగునని నీవు చెప్పితివి. బడిలో అట్లు చెప్పలేదు.

తాత: ఏమి చెప్పిరమ్మా?

మనుమరాలు: ఇసుక రేణువు చిప్పలో చిక్కుకొనునట. ఆ బాధ తాళలేక లోపలి జీవి దానిచుట్టు పూత పూయునట. ఆ పూతయే ముత్యమట.

తాత: స్వాతి చినుకు మాట నేను మా నాయనమ్మ యొద్ద వింటిని, చూచినవాడను కాను. ఇసుక రేణువును నీవు చూచితివా?

మనుమరాలు: లేదు. చదివితిని.

తాత: అయితే ఇద్దరమును విన్నవారమే. ఏది నిజమో ఎట్లు తేల్చుకొందుము?

మనుమరాలు: చినుకు పట్టుకొనవలెనన్న ఆల్చిప్ప నీటిపైకి రావలెను గదా. అది పైకి వచ్చునా?

ఈ చోట సంభాషణమును కొంచెమాపి, ఆ పిల్ల ప్రశ్న ఎంత గట్టిదో చూపవలసియున్నది. ఆమె తాతను కాదనలేదు. తాత మాట నిజమైనచో మరియేమి నిజము కావలెనో దానిని అడిగినది. బహ్రెయిన్ దిబ్బలలోని ఆల్చిప్ప సన్నని పోగులతో రాతికి అతుకుకొని యుండును. అది పైకి తేలి రాదు. దానికొరకు మునిగెడివారు ముక్కునకు పట్టుకర్ర తగిలించుకొని, కాలికి రాయి కట్టుకొని అడుగునకు పోవలసివచ్చెను. ఆల్చిప్పయే పైకి వచ్చునదైనచో ఆ కష్టమేల?

మరియొక చిత్రము. 12వ శతాబ్దమున తుదేలా నగరమునుండి వచ్చిన బెంజమిన్ అను యూదుయాత్రికుడు బహ్రెయిన్‌కు ఎదుటనున్న కతీఫ్ తీరమును గూర్చి వ్రాయుచు, నీసాను మాసమున కురిసిన వానను పైకి తేలిన చిప్పలు త్రాగి ముత్యములగునని అచ్చటివారి నమ్మకమును తెలిపెను. నీసాను వసంతమాసము. మన స్వాతి కార్తె అక్టోబరు కడపట వచ్చును. ఇరువురును వానచినుకే అన్నారు, నెల మాత్రము కలియలేదు. స్వాతి నక్షత్రమునే అరబ్బులు అస్సిమాక్ అర్రామిహ్ అందురు. ఒకే నక్షత్రమును చూచిన రెండు జాతులవారు ఒకే కథను రెండు ఋతువులలో నిలిపిరి. ఇరువురు పెద్దలు ఎదురెదురుగా కూర్చుండి “మీ నెల ఏది?” అని ఒకరినొకరు అడిగియున్నచో ఆనాడే సందేహము పుట్టియుండును.

బడి సమాధానమైనను పూర్తిగా సరికాదు. ఇసుక రేణువు ముత్యమునకు మూలమగుట మిక్కిలి అరుదని నేటి పరిశోధకులు చెప్పుచున్నారు. దెబ్బ తగులుటచేతనో, పరాన్నజీవి తొలుచుటచేతనో, చిప్పను కట్టు పొరలోని కణములు కొన్ని లోపలి మాంసమునకు జారి చిన్న సంచిగా ఏర్పడును. ఆ సంచిలో సున్నపు పదార్థమును జిగురు పదార్థమును పొర మీద పొరగా చేరును. ఒక్కొక్క సున్నపు పలక మందము మిల్లీమీటరులో రెండువేలవ వంతు మాత్రమే. ఆ పలకల నడుమ వెలుగు చిక్కి మరలుటయే ముత్యపు నిగ్గు. జపానుదేశమున మికిమోతో 1893లో చిప్పలోనికి పూసను చొప్పించి అర్ధముత్యమును పండించెను. అటువంటి పెంపుడు ముత్యములు బజారునకు వచ్చుటయు, 1930ల నాటి ప్రపంచ ఆర్థికమాంద్యమును కలిసి బహ్రెయిన్ ముత్యపు వృత్తిని కూల్చినవి. శాస్త్రము కూడ తన పూర్వపు మాటను దిద్దుకొనుచునే యుండునని పిల్లలకు చెప్పుట మరువరాదు. బడి పుస్తకమును పురాణమువలె చదివిన పిల్లవాడు శాస్త్రము నేర్చినవాడు కాడు.

మరల తాత వద్దకు పోవుదము.

తాత: అట్లయిన మా నాయనమ్మ అబద్ధము చెప్పినదా, తల్లీ?

మనుమరాలు: ఆమె నీకెప్పుడు చెప్పినది, తాతా?

తాత: నన్ను సాయంకాలపు తెలుగు బడికి మొదటిసారి పంపిననాడు. పొలమునుండి వచ్చి అలసియుంటిని. పోనంటిని. అప్పుడు చెప్పినది.

మనుమరాలు: అయితే ఆమె ఆల్చిప్పను గూర్చి చెప్పలేదు. నిన్ను గూర్చి చెప్పినది.

ఒకే చినుకు కాలిన ఇనుముపై పడిన నశించును, తామరాకుపై ముత్యమువలె కనబడును, ఆల్చిప్పలో ముత్యమే యగును అను భావము భర్తృహరి నీతిశతకమున కలదు. ఏనుగు లక్ష్మణకవి దానిని తెనిగించెను. మన ముత్తవ్వలలో చదువురానివారికి సైతము ఆ భావము చెవులవెంట చేరెను. అది చెప్పునది సాంగత్యమును గూర్చి. ఆ విషయమున అది నిజమా కాదా యని తేల్చుటకు సముద్రములో మునుగ నక్కరలేదు, మన బిడ్డల స్నేహములను చూచిన చాలును.

అయితే ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. శాస్త్రముతో చిక్కు వచ్చినప్పుడెల్ల “అది పై అర్థము, దీనికి లోపలి అర్థము వేరు” అని తప్పించుకొను పెద్దలున్నారు. నేనును కొన్నిసార్లు ఆ పని చేసితిని. నాయనమ్మ స్వాతి చినుకును వాస్తవముగనే నమ్మియున్నచో, ఆ వాస్తవ విషయమున ఆమె పొరబడినదని ఒప్పుకొనవలెను. అట్లు ఒప్పుకొనుట ఆమెను అవమానించుట కాదు. ఆమె చేతి అన్నము తినినవారమే ఆమెకు ఒక్క పొరబాటును క్షమింపలేమా?

మన పూర్వులు మాటలాడు విధములను శ్రద్ధగా విభజించిరి. గౌతముని న్యాయసూత్రములందు సంభాషణము మూడు తెగలు. నిజమును తెలిసికొనుటకై ఇరుపక్షములవారును ప్రమాణములతో చర్చించుట వాదము. గెలుపే ధ్యేయముగా ఏ ఉపాయమునైనను పట్టుట జల్పము. తన పక్షమును నిలుపక ఎదుటివాని మాటను పడగొట్టుట మాత్రమే వితండ. మన వాడుకభాషలో “వాదము” అనగా జగడము అను అర్థము వచ్చినది. ఇది విచారకరము. ఇంటిలో “వాదింపకు” అని పిల్లలను కసరునప్పుడు ఆ మూటిలో శ్రేష్ఠమైనదానినే మనము నిషేధించుచున్నాము. ఆ న్యాయశాస్త్రమునకు బాలశిక్షవంటి తర్కసంగ్రహమును వ్రాసిన అన్నంభట్టు తెలుగువాడే. దానిని భరతఖండమంతట నేటికిని తర్కశాస్త్రపు మొదటి పాఠముగా చదువుచున్నారు.

ఇక బహ్రెయిన్ పండితుల కథ. 13వ శతాబ్దమున ఆ దేశమందు అహ్మద్ ఇబ్న్ సఆదా అను విద్వాంసుడు జ్ఞానమును గూర్చి ఒక చిన్న గ్రంథము రచించెను. జ్ఞానమనగా నేమి, దానికిని తెలియబడు వస్తువునకును సంబంధమేమి, ఈశ్వరుని జ్ఞానము ఎట్టిది అనునవి అందలి విషయములు. అతని శిష్యుడు అలీ ఇబ్న్ సులైమాన్ ఆ గ్రంథమును తనయొద్దనే దాచుకొని గురువును కీర్తించుచు కూర్చుండలేదు. పారశీకుడైన నసీరుద్దీన్ తూసీకి పంపి, దీనిపై మీ విమర్శ యేమని కోరెను. తూసీ ఆ కాలమున తత్త్వము, గణితము, ఖగోళము అను మూటియందును సాటిలేనివాడు. 1259లో మరాగా పట్టణమున ప్రారంభమైన గొప్ప నక్షత్రశాలకు అధిపతి. ఆయన ఆ ప్రశ్నలకు వ్యాఖ్య వ్రాసి పంపెను. ఆ వ్యాఖ్య నేటికిని చదువబడుచున్నది. శిష్యుడు గురువు మాటను పరీక్షకు పంపుట గురుద్రోహమని ఎవరును అనుకొనలేదు.

తర్కసంగ్రహము చదివినవారికి ఈ ప్రశ్నలు క్రొత్తవి కావు. జ్ఞానము ఆత్మయందుండు గుణమని నైయాయికులు చెప్పుదురు. గుణము కాదు, చైతన్యమే ఆత్మ స్వరూపమని అద్వైతులు చెప్పుదురు. ఉప్పునీటి నడుమ నున్న దీవిలోను, కృష్ణాగోదావరుల తీరమునను మానవుని బుద్ధి ఒకే గుంజ చుట్టు తిరిగినది.

అలీ ఇబ్న్ సులైమాన్ శిష్యుడు మైథమ్ అల్ బహ్రానీ. ఆయన సమాధి మనామాలోని మాహూజ్ ప్రాంతమున కలదు. తూసీ మైథమ్ యొద్ద ధర్మశాస్త్రమును, మైథమ్ తూసీ యొద్ద తత్త్వశాస్త్రమును అభ్యసించిరని సంప్రదాయము చెప్పును. ఒక విద్యలో గురువైనవాడు మరియొక విద్యలో శిష్యుడు. మన సంఘములలో ఒకసారి అధ్యక్షుడైనవాడు మరల చాపపై కూర్చుండి వినుట ఎంత కష్టమో అందరకును తెలిసినదే.

తూసీ గణితమును గూర్చి ఒక మాట. ఒక వృత్తము లోపల, దానికి సగము వ్యాసముగల మరియొక వృత్తమును దొర్లించినచో, చిన్న వృత్తపు అంచుపైనున్న బిందువు తిన్నని గీతపై ముందునకును వెనుకకును నడచునని ఆయన నిరూపించెను. గుండ్రని కదలికలనుండి తిన్నని కదలిక వచ్చునన్నమాట. ఇదే యుక్తి 1543లో అచ్చైన కోపర్నికస్ గ్రంథమందును కనబడుచున్నది. పళ్ళెపు అంచు లోపల సరిగా సగమున్న మూతను జారకుండ దొర్లించి పిల్లలు దీనిని పరీక్షింపవచ్చును. దైవజ్ఞానమును గూర్చి వ్యాఖ్య వ్రాసిన చేయియే ఈ వృత్తములను గీచినది.

మైథమ్‌ను గూర్చి ఒక కథ ప్రసిద్ధముగ చెప్పబడుచున్నది. ఇరాకు దేశపు పండితులు ఆయన విద్వత్తును విని ఆహ్వానించిరి. ఆయన చిరిగిన పాతబట్టలతో పోయి సభలో వాకిటి వద్ద కూర్చుండెను. కఠినమైన ప్రశ్న వచ్చినప్పుడు చక్కని సమాధానములు చెప్పెను. ఎవరును లక్ష్యపెట్టలేదు, కొందరు నవ్విరి. భోజనవేళ ఆయనకు వేరుగా కొంచెము పెట్టిరి. మరునాడు వెడల్పైన చేతులుగల విలువైన అంగీ తొడిగి, పెద్ద తలపాగా చుట్టి పోయెను. లేచి ఎదురువచ్చి సభాగ్రమున కూర్చుండబెట్టిరి. ఆయన కావలెనని పసలేని మాటలు చెప్పెను. “బాగు, బాగు” అని అందరును తలలూపిరి. వంటకములు వచ్చినవి. ఆయన తన అంగీచేతిని పళ్ళెములో పెట్టి, “నీవు తినుము, ఓ చేతీ!” అనెను. వారు వింతపడగా, నిన్న వచ్చినవాడనును నేనే, ఈ మర్యాద నాకు కాదు, దీనికే గదా యని చెప్పెను. ఇట్టి కథనే తురుష్కదేశమున నస్రుద్దీన్ హోజాపై చెప్పుదురు. ఎవరిపై చెప్పినను అందలి కత్తి ఒక్కటే.

ఈ కథను మనము నవ్వి విడువరాదు. మన ముత్తాతలు ఏ బట్టలతో నిలువబడిరో, వారి మాటను ఎవరు వినిరో మనకు తెలియును. అయినను నేడు మన మందిరములో పాంటు తొడిగి ఆంగ్లము మాటలాడు యువకుని మాటకు ఒక తూకము, చదువురాని ముసలమ్మ మాటకు మరియొక తూకము. కొన్నిచోట్ల దీనికి వ్యతిరేకము, పెద్దవయస్సే ప్రమాణము, పిల్లవాని మాటకు విలువయే లేదు. రెండును అంగీచేతికి అన్నము పెట్టుటయే. మాటను మాటగా తూచుట ఎట్లో నేర్వవలెను.

ముత్యమును గూర్చి ఆ మనుమరాలు అడుగని ప్రశ్న ఒకటి మిగిలియున్నది. ముత్యము ఎవరిది? సముద్రమున మునిగినవానిది మాత్రము కాదు. బహ్రెయిన్‌లో వేసవి నాలుగు మాసములు మునుగుటకై వాడు పడవ యజమాని యొద్ద ముందుగా అప్పు పుచ్చుకొనెడివాడు. ఏటికేడు లెక్క తేలక అప్పు పెరిగెడిది. తండ్రి చనిపోయిన అది కొడుకు మెడకు చుట్టుకొను ఆచారముండెను. లెక్క యజమాని చేతిలో, చదువురాదు మునుగువానికి. 1920ల దశాబ్దమున జరిగిన సంస్కరణములవలన మునుగువానికి స్వంత లెక్కపుస్తకము ఉండవలెనను నియమము వచ్చెను. ఈ సంగతి చదివినప్పుడు నాకు గిర్మిట్ కాగితము కన్నులకు కట్టినది. ముత్యము ఎట్లు పుట్టునో జీవశాస్త్రము చెప్పును. దానినుండి మనిషి ఏమి నేర్వవలెనో కవి చెప్పును. అది ఎవరికి చెందవలెనో ఆ రెండును చెప్పజాలవు. ఆ ప్రశ్నకు సముద్రపు అడుగునుండి వచ్చిన మనిషిని కూడ సభకు పిలువవలెను.

కడపట మరణము. ఇందు త్వరపడి సమాధానము చెప్పువారే ఎక్కువ. ప్రాచీనకాలమున దిల్మున్ అని పిలువబడిన దేశము బహ్రెయిన్ అని పండితుల నిర్ణయము. ముసలితనము, రోగము లేని పవిత్రభూమిగా సుమేరు కథలు దానిని వర్ణించెను. మరణమునకు మందు వెదకుచు గిల్గమేష్ అను రాజు కాళ్లకు రాళ్లు కట్టుకొని జలగర్భమున దిగి ఒక మొక్కను తెచ్చెననియు, అతడు స్నానమాడుచుండగా పాము దానిని మ్రింగి కుబుసము విడిచి పోయెననియు మెసొపొటేమియా కథ. 1953లో ఆరంభమైన డెన్మార్కువారి త్రవ్వకములలో బహ్రెయిన్ కోట దిబ్బయందు, ప్రాచీన భవనపు నేల క్రింద మూతపెట్టిన మట్టిపాత్రలు బయల్పడెను. వానిలో పాముల ఎముకలు, కొన్నింట చిన్నపూస, ఒకచో ముత్యము. పాము, ముత్యము, అమరత్వపు మొక్క, ఈ మూటిని కలిపి చూచినవాడు ఆ త్రవ్వకములలో పాల్గొనిన జెఫ్రీ బిబ్బీ. ఎముకలు కంటికి కనబడునవి. గిల్గమేష్ కథతో వాని సంబంధము ఊహ. నాగులచవితినాడు పుట్టలో పాలు పోయు మనకు ఆ ఊహ వెంటనే మనసునకు ఎక్కును. అందుచేతనే మరింత జాగ్రత్తగా “ఇది చూచినది, ఇది అనుకొనినది” అని విడదీసి చెప్పుకొనవలెను.

అదే దీవిలో దిల్మున్ కాలపు సమాధిదిబ్బలు 11,774 ప్రపంచ వారసత్వ సంపదగా 2019లో గుర్తింపబడెను. అవి సుమారు నాలుగువేల యేండ్లనాటివి. మరణము లేని దేశమని పేరు పొందిన భూమి ఇన్ని సమాధులను మోయుచున్నది. దీనిని చూచి ఆ కథ అబద్ధమని ఒకడు నవ్వవచ్చును. ఇన్ని సమాధులు కట్టిన జనమే అట్టి కథను కోరుకొనియుందురని మరియొకడు ఆలోచింపవచ్చును. ఇద్దరును ఒకే చాపపై కూర్చుండదగినవారు.

ఇది పాఠము గనుక అభ్యాసము ఉండవలెను. శనివారము భజన ముగిసి ప్రసాదము పంచిన పిమ్మట అరగంట సేపు ఉపన్యాసము లేకుండ కూర్చుండుడు. ప్రశ్నను పిల్లలలో ఒకరు వేయవలెను. మాటలాడు ప్రతివారును తాము చెప్పునది చూచినదో, చదివినదో, పెద్దల యొద్ద వినినదో, అనుకొనుచున్నదో ముందుగా చెప్పవలెను. ఎదుటివాని మాటను అతడు ఔననునట్లు ఒకసారి తిరిగి చెప్పిన పిమ్మటనే కాదనవలెను. “నాకు తెలియదు” అని ఆ సాయంకాలము మొదట చెప్పువారు సంఘపు పెద్దలైనచో మిక్కిలి మేలు. అరగంటలో తేలనిది మరుసటి వారమునకు మిగిలియుండనిండు.

మొదటి శనివారమునకు ప్రశ్న నేను వెదకి ఇయ్యనక్కరలేదు. ఆ పదేండ్ల పిల్ల అడిగియే యున్నది. ఈ దీపము ఎందుకు వెలిగింతుము?